బియ్యం ఇచ్చిందీ వాళ్ళే, తగ్గించమన్నదీ వాళ్ళే

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. ఎత్తు 153 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. మూడు నెలల షుగర్ పరీక్షలో 6.1 వచ్చింది. మందులు ఇప్పుడే వద్దు, బరువు తగ్గమన్నారు. నేనిప్పటికే మూడు డైట్లు చేశాను. మొదట అన్నం పూర్తిగా మాని కొబ్బరి నూనె, వెన్న, మాంసం తిన్నాను. మూడు నెలల్లో 11 కిలోలు తగ్గి, ఏడాదిలో 13 కిలోలు పెరిగాను. తర్వాత ఉప్పూ నూనె లేని వంటలు చేశాను. ఇంట్లో ఎవరూ ముట్టలేదు, రెండు నెలలకు నేనూ వదిలేశాను. ఇప్పుడు చిరుధాన్యాలు. ఆరు నెలలైనా అర కిలో కూడా తగ్గలేదు. మా మామగారికి గుండె జబ్బు వచ్చినప్పుడు గుడ్డు, నెయ్యి మాన్పించారు. ఇప్పుడు అదే గుడ్డు రోజూ తినొచ్చంటున్నారు. రేషన్ షాపులో బియ్యం ఇస్తారు, ఆసుపత్రి గోడ మీద అన్నం తగ్గించమని రాస్తారు. 'పదేళ్ళకొకసారి మాట మార్చేవాళ్ళ మాట వినేదేంది? ఆకలైతే తిను, లేకపోతే మానుకో' అంటుంది మా అత్త. ఆమె చెప్పిందే నిజమేమో అనిపిస్తోంది. అసలు ఎవరిని నమ్మాలి?
- ఒక పాఠకురాలు, కావలి

సమాధానం:

మీ మామగారి చేత గుడ్డు మాన్పించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని అయ్యుండొచ్చు. 1990ల్లో నెల్లూరులో ఒక ఆసుపత్రిలో డైట్ చార్టులు రాసే ఉద్యోగం చేశాను. గుండె జబ్బుతో ఎవరొచ్చినా 'పచ్చసొన వద్దు' అని రాసి, కింద రెండు గీతలు గీసేదాన్ని. అదే కాగితం మీద ఇంకో నాలుగు లైన్ల కింద 'సాయంత్రం: టీ, మేరీ బిస్కెట్లు 4' అని కూడా రాసేదాన్ని. గుడ్డు గురించి ఇప్పుడు పెద్దగా బాధపడను. ఆ బిస్కెట్ల లైను గుర్తొస్తే మాత్రం సిగ్గేస్తుంది. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ముందు మీ అనుమానం సంగతి. అది వట్టి అనుమానం కాదు, మాట నిజంగానే మారింది. వారానికి మూడు పచ్చసొనలకు మించొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1968లో చెప్పింది. కొవ్వు, కొలెస్ట్రాల్ తగ్గించండంటూ అమెరికా ప్రభుత్వం 1980లో మొదటి ఆహార సూచనలు విడుదల చేసింది. 1992లో పిరమిడ్ బొమ్మ గీసి, అడుగున రొట్టె, అన్నం, సేమ్యా లాంటివి పెట్టి రోజుకు 6 నుంచి 11 వడ్డింపులు తినమంది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అనే హద్దును చివరికి 2015 సూచనల్లో తీసేశారు. ఒక పచ్చసొనలోనే దాదాపు 180, 200 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, ఆ హద్దున్నంత కాలం గుడ్డు దోషిగా నిలబడక తప్పలేదు. మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసేదే. తిండిలో కొలెస్ట్రాల్ పెరిగితే చాలామందిలో లివర్ తన పని కొంత తగ్గించుకుంటుంది. అందరిలోనూ అలా జరగదు. అందుకే షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఎన్ని గుడ్లు తినాలన్నది ఇప్పటికీ డాక్టర్ని అడిగి తేల్చుకోవాల్సిందే.

ఆ రోజుల్లో మన ఊళ్ళలో జరిగిన వింత ఇంకోటుంది. తాతకేమో గుడ్డు వద్దని మేం చార్టు రాసిచ్చేవాళ్ళం. అదే ఇంట్లో మనవరాలు బలహీనంగా ఉంటే గుడ్డు పెట్టండని మేమే చెప్పేవాళ్ళం. రెండు మాటలకూ కారణాలున్నాయి. వాటిని విడమరిచి చెప్పే ఓపికే మాకు ఉండేది కాదు. క్యూలో ఇంకో నలభై మంది ఉండేవాళ్ళు.

ఇక బియ్యం. ఈ విషయంలో మీ అత్తగారికే నా ఓటు. మా అమ్మమ్మది పామూరు వైపు మెట్ట ఊరు. ఆమె చిన్నప్పుడు వరన్నం అంటే పండగ, లేదా ఇంటికి అల్లుడొచ్చిన రోజు. మిగతా రోజులన్నీ జొన్న కూడు, సజ్జ రొట్టె, వరిగ అన్నం, రాగి సంగటి. పెన్న కింద తడి ఉన్న నెల్లూరు, కోవూరు వైపు వాళ్ళు వడ్లు పండించి వడ్లే తిన్నారు. మెట్టవాళ్ళకు ఆ భాగ్యం లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్టలో కూడా మూడు పూటలా తెల్లన్నం ఉడికింది. దాన్ని తప్పు పట్టను. ఆకలితో పడుకున్న ఇళ్ళలో కుండ నిండింది. మా అమ్మమ్మ ఆ బియ్యం బస్తా విప్పి, చేత్తో తీసి వాసన చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అయితే ఆ బియ్యంతోపాటు పప్పు అంత చవగ్గా రాలేదు, కూరగాయలు రాలేదు. నాలుగు రకాల గింజలుండే ఇంటికి ఒకే గింజ వచ్చింది. పైగా బాగా పాలిష్ పట్టినది. నలభై ఏళ్ళు తిరిగాక 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మా అమ్మమ్మ పేదరికానికి గుర్తుగా వదిలేసిన కొర్రలు ఇప్పుడు నెల్లూరు ట్రంకు రోడ్డు షాపుల్లో అందమైన ప్యాకెట్లలో, బియ్యానికి రెండు మూడింతల ధరకు దొరుకుతున్నాయి. ఆమె బతికుంటే ఏమనేదో ఇక్కడ రాస్తే పత్రికవాళ్ళు వేసుకోరు.

నూనెలదీ ఇదే కథ. నెయ్యికి బదులు వనస్పతి వాడమన్నారు. డాల్డా డబ్బా ఖాళీ అయ్యాక అందులో తులసి మొక్క నాటని ఇల్లు లేదు. తీరా తెలిసిందేమంటే, నూనెను గట్టిపరిచే ఆ పద్ధతిలో పుట్టే ట్రాన్స్ కొవ్వు నెయ్యికన్నా గుండెకు ఎక్కువ హాని చేస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ 2011లో దానికి 10 శాతం హద్దు పెట్టి, 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి దించింది. ఇంతలో రేషన్ షాపులో పామాయిల్ ప్యాకెట్ ఇచ్చిందీ ప్రభుత్వమే, నూనె తగ్గించండని ఇప్పుడు చెబుతున్నదీ ప్రభుత్వమే.

డబ్బు పాత్ర లేదా అంటే, ఉంది. గుండె జబ్బుల్లో చక్కెర పాత్రను తక్కువ చేసి, నేరమంతా కొవ్వు మీదికి నెట్టేలా ఒక సమీక్ష రాయడానికి అమెరికా చక్కెర పరిశ్రమ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చింది. ఆ వ్యాసం 1967లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు సంగతి 2016లో గానీ బయటపడలేదు. కాబట్టి ఎవరేం చెప్పినా 'దీనివల్ల ఎవరికి లాభం?' అని అడగండి. అదే ప్రశ్న వీడియోలో మూడు వేల రూపాయల పొడి అమ్మేవాళ్ళనూ అడగండి. ప్రభుత్వాన్ని నిలదీసే చాలామంది అక్కడికొచ్చేసరికి చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఇంత చెప్పాక మీ అత్తగారిదే నిజమనాలి కదా. అనను. ఆమె మాటలో సగమే నిజం.

నేను ముప్పై ఏళ్ళు చార్టులు రాసి నేర్చుకున్నది ఒక్కటే. 'ఇది మానెయ్యండి' అనేది సగం మాట. మానేసినప్పుడు కంచంలో ఖాళీ అయిన చోట ఏం వచ్చి కూర్చుందన్నది మిగతా సగం. ఆ సగం మేం చెప్పలేదు, మీరు అడగలేదు. గుడ్డు మాన్పించి బిస్కెట్లు రాసిచ్చాను. అంటే ప్రోటీన్ తీసేసి మైదా, చక్కెర పెట్టాను. నెయ్యి తీసేసి వనస్పతి పెట్టారు. ఇప్పుడు పాత పరిశోధనలన్నీ వెనక్కి తిరిగి చూసినా అదే తేలుతోంది. నెయ్యి, వెన్నలా గడ్డకట్టే కొవ్వులు తగ్గించి ఆ చోట పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు వాడినచోట గుండెకు మేలు కనిపించింది. ఆ చోట మైదా, తెల్లన్నం, చక్కెర చేరినచోట మేలు కనిపించలేదు. మానేసింది ఒకటే అయినా ఫలితాలు వేరు.

మీ చిరుధాన్యాల విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలుంటాయి. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రల్లో 320 నుంచి 350 దాకా ఉంటాయి. పీచు ఎక్కువ, రాగుల్లో కాల్షియం బాగా ఎక్కువ, అవన్నీ నిజమే. కానీ రెండు కప్పుల అన్నం బదులు 'మంచిదే కదా' అని మూడు కప్పుల కొర్రన్నం తింటే బరువు ఎందుకు తగ్గుతుంది? మన దేశంలో వేలమంది తిండిని పరిశీలించిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2025లో చెప్పింది కూడా ఇదే. మనకు రోజుకు అందే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలదే. బియ్యం తీసి గోధుమపిండో చిరుధాన్యాల పిండో పెట్టినంత మాత్రాన షుగర్ ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం పిండిపదార్థాన్ని కొంత తగ్గించి, ఆ మేరకు పప్పులు, పాల నుంచి ప్రోటీన్ తీసుకునేవాళ్ళలో తక్కువగా కనిపించింది.

మీ మొదటి డైట్ గురించి కూడా ఒక మాట. 11 కిలోలు తగ్గడం అబద్ధం కాదు, అలాగని అంతా కొవ్వూ కాదు. మన లివర్‌లో, కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ప్రతి గ్రాముకూ మూడు గ్రాముల దాకా నీళ్ళను పట్టుకుని ఉంటుంది. అన్నం పూర్తిగా మానితే మొదటి వారం ఆ నిల్వ, దాంతోపాటు నీళ్ళు పోతాయి. తూకం ముల్లు కిందికి దిగుతుంది, మనకు పూనకం వస్తుంది. ఆ తర్వాత పోయింది కొవ్వే, కొంత కండ కూడా. మళ్ళీ అన్నం మొదలుపెట్టగానే నీళ్ళు తిరిగొస్తాయి. తగ్గిన శరీరానికి ఖర్చు తక్కువ, ఆకలి మాత్రం ఎక్కువ. అందువల్ల కొవ్వూ తిరిగొస్తుంది. 1944, 45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళకు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశారు. వాళ్ళు పగలంతా తిండి గురించే మాట్లాడుకున్నారు, వంటల పుస్తకాలు చదువుకున్నారు. ప్రయోగం ముగిశాక ఎంత తిన్నా వాళ్ళకు ఆకలి తీరలేదు. ఆ ప్రయోగం చేసింది ఏన్సెల్ కీస్. తర్వాత కొవ్వుకూ గుండె జబ్బుకూ లంకె పెట్టిన పెద్దమనిషి ఆయనే. మీకు 13 కిలోలు తిరిగొచ్చింది మీ మనసు గట్టిది కాక కాదు. మీరు చేసిన డైట్‌కు రెండో అధ్యాయం లేక.

మరి ఏ డైట్ మంచిది? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించమని, రెండో జట్టుకు పిండిపదార్థాలు తగ్గించమని చెప్పారు. కూరగాయలు బాగా తినమని, చక్కెర, మైదా తగ్గించమని ఇద్దరికీ చెప్పారు. ఏడాది తర్వాత మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గారు. అది చెప్పుకోదగ్గ తేడా కాదు. కానీ ఒకే జట్టులో కొందరు పాతిక కిలోల దాకా తగ్గితే కొందరు పెరిగారు. 2018లో వచ్చిన ఈ ఫలితం చూశాక నేను 'మా పద్ధతే గొప్ప' అనేవాళ్ళ ప్రసంగాలు వినడం మానేశాను. టీవీ కట్టేసి టీ పెట్టుకుంటాను.

టీ అన్నాను కాబట్టి చెబుతున్నా, మీ ఉత్తరంలో మూడు డైట్లున్నాయి గానీ రోజుకు ఎన్ని టీలు తాగుతారో లేదు. నలుగురు కూర్చునే ఇళ్ళలో రోజుకు నాలుగు గ్లాసులు మామూలే. గ్లాసుకు రెండు చెంచాలైతే ఎనిమిది చెంచాల చక్కెర, అంటే 35 గ్రాముల పైమాటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకు 25 గ్రాములు దాటకూడదు. మలై కాజా ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ 2024 సూచనలనే మీరు చూడమంటాను. తప్పులు లేనివని కాదు, ఇందులో బదులు ఏమిటో కూడా ఉంది. రెండు వేల కేలరీల రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటొద్దన్నారు. మీకు రెండు వేలు అవసరం ఉండదు, కాబట్టి ధాన్యం ఇంకా తగ్గుతుంది. ఇందులో అన్నం మీద నిషేధం ఎక్కడా లేదు చూడండి.

మన వంటగదిలోకి వద్దాం. నెల్లూరు చేపల పులుసు ఏ పాపమూ చెయ్యదు. మామిడికాయ వేసి, మర్నాటికి ఊరిన ఆ పులుసు కంచంలోకి లాక్కొచ్చే నాలుగు గరిటెల అన్నంతోనే పేచీ. గరిటెలు మూడు చేసి, చేప ముక్కలు రెండు చేయండి. మీ ఊరు సముద్రానికి దగ్గర, నెత్తళ్ళు, కానాగంతలు పెద్ద ఖరీదేం కాదు. వాటిని వేయించకుండా పులుసో ఇగురో పెట్టండి. చేప లేని రోజు పప్పు నీళ్ళగా కాకుండా గట్టిగా వండి, పక్కన గోరుచిక్కుడో దొండకాయో కంచంలో సగం కనిపించేలా పెట్టుకోండి. పొద్దున నాలుగు దోశలు ఎర్రకారంతో తినే అలవాటుంటే రెండు దోశలు, ఒక ఉడికించిన గుడ్డు. సాయంత్రం బిస్కెట్లు, మిక్చర్ బదులు గుప్పెడు ఉడికించిన అలసందలో శెనగలో. కొర్రలు మీకు నచ్చితే తినండి, నచ్చకపోతే ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

నూనెకు గుర్తుపెట్టుకోవడానికి తేలికైన లెక్క ఉంది. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. నలుగురుండే ఇంట్లో ఐదు లీటర్ల డబ్బా నెలకే అయిపోతోందంటే ఒక్కొక్కరి వంతుకు రోజూ సుమారు వంద కేలరీలు ఎక్కువ వెళ్తున్నట్టు. నూనె లేకుండా వండమని నేను చెప్పను. అది చేసి చూశారుగా, ఇంట్లో ఎవరూ ముట్టని వంట ఎంత ఆరోగ్యకరమైతే ఏం లాభం.

బరువు ఎంత తగ్గాలి అంటారా. మనవాళ్ళకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. మీది దాదాపు 31. ఇరవై మూడుకు రావాలంటే 54 కిలోలకు దిగాలి. ఆ అంకెను మర్చిపోండి, దాని వెంట పరుగెత్తితేనే మీరు నాలుగో డైట్ మొదలుపెడతారు. ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు చాలు. బ్లౌజు కొలతల టేపుతో నెలకోసారి బొడ్డు దగ్గర కొలుచుకోండి. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు హద్దు. ముల్లు కదలకపోయినా టేపు దిగుతుందేమో చూడండి.

ఇంకో విషయం. మన పక్కనే చెన్నైలో, షుగర్ హద్దు మీద ఉన్న 531 మందితో మూడేళ్ళపాటు జరిపిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి సరిచేసుకుని, నడక పెంచుకున్నవాళ్ళకు షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. మీకొచ్చిన 6.1 కూడా ఆ హద్దు మీది అంకే. అందుకని బరువు దిగడం లేదన్న టెన్షన్‌తో నడక మానకండి. కావలిలో ఎండ ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి పొద్దున ఆరింటికల్లా ముగించుకోండి. తర్వాతెప్పుడైనా షుగర్ మాత్రలు మొదలుపెడితే మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, కొన్ని మాత్రలతో షుగర్ మరీ కిందికి పడిపోతుంది.

మీ అత్తగారి విషయానికి వస్తే, 'ఆకలైతే తిను, లేకపోతే మానుకో' అన్న సగం బంగారం. ఆమె కాలంలో ఆకలి లేనప్పుడు ఎదురుగా మిక్చర్ ప్యాకెట్ ఉండేది కాదు, అంతే తేడా. మాట మార్చేవాళ్ళను నమ్మకూడదన్న సగంతో నాకు పేచీ. 1968లో చెప్పింది 2015లోనూ పట్టుకుని వేలాడి ఉంటే మీ ఇంట్లో ఇప్పటికీ గుడ్డు ఉండేది కాదు. అసలు మారనివీ చాలా ఉన్నాయి. కూరగాయలు తగ్గించమని, చక్కెర ఎక్కువ తినమని, కదలకుండా కూర్చోమని ఈ అరవై ఏళ్ళలో ఏ బుద్ధిమంతుడూ చెప్పలేదు. అవి వార్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు నూనె, చక్కెర దగ్గర ఏ అంకెలు వేశారో, గుడ్లు ఎన్ని రాశారో నాకు రాయండి. మీ బరువు కన్నా ముందు అవే చూస్తాను.